ఆయిల్ పెయింటింగ్ ఆర్డర్ల మీద ఇల్లు గడుస్తుందా?

ఉద్యోగం మానేసి ఆయిల్ పెయింటింగ్ ఆర్డర్ల మీదే బతకొచ్చా, రోజూ ఎదురయ్యే ఇబ్బందులేంటి అని అడిగారు. గడుస్తుందండీ, కానీ జీతంలా నెలనెలా చేతికి రాదు. నేను రాజమండ్రిలో అద్దె ఇంట్లో ఉంటూ ఇదే పని చేస్తున్నాను. బొమ్మ వెయ్యడం మీకు వచ్చే ఉంటుంది. చిక్కంతా రంగు ఆరడం దగ్గరే.

ఈమధ్య నాకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం పోయిన పెద్దవాళ్ల పోర్ట్రెయిట్లు, సంవత్సరీకానికి కావాలని. ఇంట్లో ఉండేది ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, లేదంటే పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరసలో చిన్న మొహం. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఉన్న కాస్త వివరమూ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, కుదిరితే అసలు ఫోటోనే అడిగి తెచ్చుకోండి. ఒకావిడ వాళ్లాయన ఫోటో ఇచ్చి, "కాస్త నవ్వుతున్నట్టు వెయ్యి బాబూ. ఆయన నవ్వేవారు కాదనుకో, అయినా" అన్నారు. పెదాలు ఒక్కటీ సాగదీస్తే వేరే మనిషైపోతాడు, బుగ్గలూ కళ్ల కింద ముడతలూ కూడా కదలాలి. తండ్రి పోలికే వచ్చిన కొడుకుని నవ్వమని ఫోటో తీసుకుని, అది చూసి వేశాను. ఆవిడకి నచ్చింది. కూతురు మాత్రం "మా నాన్న ఇలా ఉండేవారు కాదు" అంది. అదీ నిజమే.

ఇక గృహప్రవేశాలకి వెంకటేశ్వరస్వామి. ముహూర్తం ఇరవై రోజుల్లో పెట్టుకుని, మూడడుగుల కాన్వాస్ మీద నగలన్నీ ఉబ్బెత్తుగా, అంటే రంగు మందంగా పెట్టి, కావాలంటారు. ఈ రంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరేది కాదు, అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడాలి. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఒకట్రెండు రోజుల్లో ఆరుతుంది. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు, ఐవరీ బ్లాక్ అనే నలుపు వారం దాటినా వేలికి అంటుతూనే ఉంటాయి. వానాకాలమైతే ఇంకా ఆలస్యం. తొందరపడి నూనె తక్కువ కలిపిన రంగుని నూనె ఎక్కువున్న పొర మీద వేశారా, కొన్నాళ్లకి పగుళ్లు ఖాయం. అందుకే గడువు తక్కువుంటే ఉబ్బెత్తు నగలు కుదరవని ముందే చెప్పేస్తాను. పైన కాపాడే పూత, అదే వార్నిష్, ఆరు నెలలు ఆగాక, వాళ్లింటికే వెళ్లి పూస్తాను. ఇది నాకు కలిసొచ్చింది. అప్పుడు ఇంట్లో ఉన్న చుట్టాలెవరో "ఎవరు వేశారు?" అని అడుగుతారు, మళ్లీ ఆర్డర్ వస్తుంది.

"ప్రింట్ షాపువాళ్లు గంటలో ఇస్తారు కదా" అనేవాళ్లతో వాదించకండి, అక్కడికే పంపెయ్యండి. "ఎన్నాళ్లుంటుంది?" అనేవాళ్లు వేరు, వాళ్లు కొనేవాళ్లే. వాళ్లని మా ఊళ్లోని చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రమ్మంటాను. ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి వేసిన బొమ్మలు ఇంకా అక్కడున్నాయి. సగం డబ్బు అడ్వాన్స్‌గా తీసుకోనిదే కాన్వాస్ బిగించొద్దు. మొహాలు పెరిగితే రేటూ పెరుగుతుందని మొదటే చెప్పండి. లేకపోతే సగంలో "పక్కన మనవణ్ణి కూడా" అంటారు.

ఇంట్లో పెద్ద గొడవ, రంగు పలచన చెయ్యడానికీ కుంచెలు కడగడానికీ వాడే టర్పెంటైన్ వాసన. మా ఆవిడకి తలనొప్పి వస్తుంటే మానేశాను. పని మధ్యలో కుంచెల్ని నూనెతోనే తుడిచి, చివర్లో సబ్బుతో కడుగుతున్నాను. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఎప్పుడూ ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకుంటాయి. బయట తీగ మీద విడివిడిగా ఆరేస్తే సరి. పచ్చి రంగుకి దోమలు అంటుకుంటే అప్పుడే పీకకండి, ఆరాక సూదిమొనతో తీస్తే మచ్చ పడదు. స్వామివారి కిరీటం మీద ఇలాంటి భక్తులు చాలామంది దొరికారు నాకు.

ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, పైగా వానలు మొదలవుతాయి. ఆర్డర్లు తగ్గేదీ, ఉన్న బొమ్మలు ఆరక బాకీ డబ్బు ఆగిపోయేదీ అప్పుడే. అద్దె మాత్రం ఆగదు. నన్నడిగితే, ఉద్యోగం చేస్తూనే ఒక ఆషాఢం ఎలా గడుస్తుందో చూసి, ఆ తర్వాత రాజీనామా ఇవ్వండి.