లాగ్‌లో అంతా బాగానే ఉంది, కర్ల్ కొడితే మాత్రం జవాబు రావడం లేదు

మీ ప్రశ్నలో రెండు సమస్యలు కలగలిసిపోయాయి. సర్వీస్ 8080 పోర్టులో నడుస్తోందని డాకర్ కంటెయినర్ (ప్రోగ్రామ్‌ని విడిగా పెట్టి నడిపే డబ్బా లాంటిది) లాగ్ చెబుతున్నా, మీ టెర్మినల్ నుంచి కర్ల్ (రిక్వెస్టు పంపి చూసే కమాండ్) కొడితే కనెక్షన్ రీసెట్ అవుతోంది. పైగా ఆ సర్వీస్‌కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దొరకడం లేదు, కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోంది. రెండు గుంతల్లోనూ నేనూ పడ్డాను. రెండు చోట్లా దొంగ ఒకడే: లోకల్‌హోస్ట్.

లోకల్‌హోస్ట్ అంటే "మా ఇల్లు" అన్నట్టు, ఎవరంటే వాళ్లది. మీరు టెర్మినల్‌లో అంటే మీ మెషీన్. కంటెయినర్ లోపలి ప్రాసెస్ అంటే ఆ కంటెయినర్ మాత్రమే. మీ సర్వీస్ 127.0.0.1 (లోకల్‌హోస్ట్ అడ్రస్ ఇదే) మీద బైండ్ అయి, అంటే అక్కడే వింటూ ఉంటే లోపలివాళ్లకే పలుకుతుంది. పోర్టు ఎంత సరిగ్గా మ్యాప్ చేసినా బయటినుంచి వచ్చిన రిక్వెస్టు దానిదాకా చేరదు. బైండ్ అడ్రస్‌ని 0.0.0.0 చేయండి, అప్పుడు ఎటునుంచి వచ్చినా వింటుంది. అనుమానముంటే డాకర్ ఎగ్జెక్ కమాండ్‌తో కంటెయినర్ లోపలికెళ్లి అక్కడి నుంచే కర్ల్ కొట్టండి. లోపల జవాబొచ్చి బయట రాలేదంటే దాదాపుగా ఇదే కారణం. చిన్న ఇమేజ్‌ల్లో (కంటెయినర్‌ని తయారుచేసే మూసల్లో) ఒక్కోసారి కర్ల్ ఉండదు, దానికి కంగారుపడకండి.

డేటాబేస్ సంగతీ అంతే. సర్వీస్ కంటెయినర్ లోకల్‌హోస్ట్:5432 అని వెతికితే తనలోనే వెతుక్కుంటుంది. కంపోజ్ ఫైల్లో (కంటెయినర్లన్నిటినీ కలిపి రాసుకునే ఫైల్లో) డేటాబేస్‌కి ఏ పేరు పెట్టారో ఆ పేరే హోస్ట్‌గా ఇవ్వాలి. ఇంకో మెలిక ఉంది: మీరు 5433ని 5432కి మ్యాప్ చేసి ఉంటే, 5433 మీ మెషీన్‌కే. కంటెయినర్ల మధ్య మాటలన్నీ 5432 మీదే. ఈ తేడా తెలియక నేను తిరగేసిన కాన్ఫిగ్‌లకు లెక్కలేదు.

నా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి. కోడ్ రాస్తున్నంతసేపూ సర్వీస్‌ని కంటెయినర్‌లో పెట్టను. డేటాబేస్, రెడిస్ లాంటివి మాత్రం కంపోజ్‌తో లేపి, సర్వీస్‌ని నేరుగా టెర్మినల్‌లో నడుపుతాను. ప్రతి చిన్న మార్పుకీ ఇమేజ్ బిల్డ్ చేస్తూ కూర్చుంటే ఓపిక అయిపోతుంది, డీబగ్గర్ తగిలించడమూ తలనొప్పే. డేటాబేస్ అడ్రస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంటే చాలు, కోడ్ ముట్టుకోకుండా రెండు విధాలుగానూ నడుస్తుంది. చివర్లో ఒకసారి అన్నీ కంటెయినర్లలో పెట్టి చూస్తాను.

అప్పుడు ఎదురయ్యేది డిపెండ్స్-ఆన్, అంటే ఏది దేనికోసం ఆగాలో కంపోజ్ ఫైల్లో చెప్పే లైను. దాన్ని మామూలుగా రాస్తే డేటాబేస్ కంటెయినర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, డేటాబేస్ సిద్ధమయ్యేదాకా కాదు. పోస్ట్‌గ్రెస్ సిద్ధమా అని అడిగే పీజీ-ఈజ్‌రెడీ కమాండ్‌తో ఒక హెల్త్‌చెక్ రాసి, సర్వీస్-హెల్తీ అనే కండిషన్ పెట్టండి. "మొదటిసారి పడిపోతుంది, రెండోసారి నడుస్తుంది" అనే వింత చాలావరకు ఇక్కడిదే.

పాస్‌వర్డ్ మార్చినా లాగిన్ కావడం లేదని చివర్లో రాశారు కదా, అది నన్ను ఒక పూటంతా తిప్పింది. ఫైల్లో కొత్త పాస్‌వర్డ్, కంటెయినర్ ఆపి మళ్లీ లేపాను, అయినా పాతదే అడుగుతోంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ పాస్‌వర్డ్ వేరియబుల్‌ని డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే చదువుతుంది. మామూలు డాకర్ కంపోజ్ డౌన్ పేరున్న వాల్యూమ్‌ని (ఆ డేటా దాచి ఉండే చోటుని) తీసేయదు. డౌన్‌కి వీ ఫ్లాగ్ జోడిస్తే పోతుంది, అందులోని డేటా కూడా పోతుంది. టెస్ట్ డేటా అయితే ధైర్యంగా కొట్టండి, లేదంటే లోపలికెళ్లి ఆల్టర్ యూజర్ కమాండ్‌తో పాస్‌వర్డ్ మార్చుకోండి.

ముందు బైండ్ అడ్రస్ సరిచేయండి. అప్పటికీ రీసెట్ అవుతుంటే డాకర్ పీఎస్‌లో పోర్టుల గడిలో ఏముందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.