తాతల నాటి తుపాకికి కొత్త కట్టె: ఏ కలప కొనాలి, ఎలా చెక్కాలి?

మీరు అడిగింది ఇదీ: చోడవరం దగ్గర మీ ఇంట్లో మూతి నుంచి మందు దట్టించే పాత రైఫిల్ ఉంది, లైసెన్సు ఉంది, గొట్టం బాగుంది, కట్టె, అంటే గొట్టాన్ని మోసే చెక్క భాగం, మాత్రం చేత్తో పట్టుకునే సన్నని మెడ దగ్గర విరిగింది. విశాఖలో దొరికే కలపలో టేకు మేలా, ఇరుగుడు మేలా, ఎర్రచందనం పనికొస్తుందా, చేత్తో చెక్కడం ఎలా అని. ఫౌండ్రీకి కొయ్య నమూనాలు చెక్కడం నా వృత్తి. మా మామయ్యగారి తుపాకికి ఇలాంటి కట్టే చేశాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకి మరమ్మతు చేసేవారికీ లైసెన్సు ఉండాలి. తుపాకి మీ పేరున ఉంది కదా అని వీధిలోని వడ్రంగికి అప్పగించకండి. నేను పని చేసింది లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గర, ఆయన కళ్ల ముందు. గొట్టం, లాక్ (మందుకు నిప్పంటించే యంత్రం) ఆ దుకాణం దాటలేదు, కట్టె ఒక్కటే ఇంటికీ అక్కడికీ తిరిగింది. ఆయన మొట్టమొదట చేసిన పని చెప్పాలి. సన్నని వెదురు పుల్లను గొట్టంలో అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనించి చూశారు. పుల్ల నిప్పురంధ్రం (గొట్టం వెనక చివర మందుకు నిప్పు అందే రంధ్రం) దాకా చేరకుండా ముందే ఆగితే లోపల పాత మందూ గుండూ ఉన్నట్టే లెక్క. అటకెక్కిన తుపాకులు కొన్ని దట్టించినవి దట్టించినట్టే ఉండిపోతాయి. మీదీ ఆయన చేతే చూపించుకోండి, మీరు కెలకవద్దు.

ఇక కలప. ఏ చెట్టు అన్నది రెండో ప్రశ్న. మెడలో నార ఎటు నడుస్తోంది అన్నదే మొదటిది. మెడ మందం మహా అయితే ఒకటిన్నర అంగుళం. లాక్ కూర్చునే గుంట, ట్రిగ్గర్ గాడి, గొట్టం తోకను (వెనక పొడుచుకొచ్చే ఇనుప పట్టీని) బిగించే మర రంధ్రం అన్నీ కలిసి సరిగ్గా ఆ చోటే దాన్ని డొల్ల చేస్తాయి. మిగిలిన కాస్త చెక్కలో నార ఏటవాలుగా బయటికి పోతుంటే ఇరుగుడైనా ఆగదు. మీ పాత కట్టె విరిగిన చోటు చూడండి. పొడవాటి పీచులు లేకుండా నున్నగా, వాలుగా తెగి ఉంటే కారణం చాలావరకు ఇదే.

అందుకే పలకను కొలతలతో కాక అట్టతో కొనండి. పాత కట్టె ఆకారాన్ని అట్ట మీద గీసి కత్తిరించి, సామిల్లులో పలక మీద అటూ ఇటూ జరిపి చూడండి. ముందు భాగంలో నార గొట్టం వెంట తిన్నగా నడవాలి, మెడ దగ్గర మడమతో (భుజానికి ఆనే వెనక భాగంతో) పాటు కిందికి వాలాలి. మొదలు దగ్గర, వేరు విచ్చుకునే చోట కోసిన పలకలో ఆ వంపు సహజంగా దొరుకుతుంది. కంటికి ఆనకపోతే చిత్రిక పట్టిన చోట సిరా చుక్క వేయండి, అది నార వెంటే పాకుతుంది. పక్కన ముక్క మిగిలితే పెన్సిలంత పుల్ల చీల్చి విరిచి చూడండి. పీచులు పీచులుగా విరిగితే మంచిది, ముల్లంగిలా పుటుక్కున తెగితే ఆ పలక వద్దు.

ఇంగ్లండులో ఈ పనికి వాల్‌నట్, అమెరికా పెన్సిల్వేనియా రైఫిళ్లకు మేపుల్ వాడేవారు. వాటి కోసం మీరు వెతుక్కోనక్కరలేదు. పాత ఇళ్ల దూలాల టేకు బాగా ఆరి ఉంటుంది, తేమకు పెద్దగా కదలదు, ఉలికి లొంగుతుంది. కానీ నార వెంట తేలిగ్గా చీలుతుంది. పైగా అందులోని ఇసుక గుణం ఉలి పదును తినేస్తుంది. గోడకు తగిలించే తుపాకికి టేకు చాలు. పేల్చేదైతే నా ఓటు ఇరుగుడు చేవకే. బరువు మూడు నాలుగు వందల గ్రాములు పెరిగినా మెడ నిలుస్తుంది. బిల్లు ఉన్న కలపే కొనండి. నల్లతుమ్మ గట్టిదే, బండి చక్రాలకు వాడిన చెక్క, కానీ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది లక్క బొమ్మకు బంగారం, తుపాకికి మరీ మెత్తన. ఎర్రచందనం మాట మరచిపోండి, కేసు ఖర్చుకు కొత్త ఇల్లు కట్టుకోవచ్చు.

విశాఖవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ‘హుద్‌హుద్ తుపానుకు పడిన చెట్టు, బాగా ఆరింది’ అంటూ ఇప్పటికీ కలప చూపిస్తారు. 2014 అక్టోబరు 12న అంత గాలికి వంగిన మానులో నొక్కుకుపోయిన వైపు నార లోలోపల నలిగి ఉండవచ్చు. చిత్రిక పట్టి కిరోసిన్ తుడిచి, టార్చిలైటు పక్క నుంచి వేస్తే నారకు అడ్డంగా సన్నని ముడతల్లాంటి గీతలు కనిపిస్తాయి. బల్లకు పరవాలేదు, మెడకు మాత్రం వాడకూడదు.

కొన్న పలక చివరలకు కరిగించిన మైనం పూసి, నీడలో పుల్లల మీద పెట్టండి. కిరాణా కాటా మీద వారం వారం తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగాకే పని మొదలుపెట్టండి. వానకాలంలో బరువు మళ్లీ పెరుగుతుంది, సముద్రపు ఊళ్లో అది తప్పదు.

చెక్కడంలో గొట్టం గాడిదే అసలు పని, బయటి ఆకారం చివర్న. గొట్టానికి ఆముదం దీపపు మసి పలచగా పూసి గాడిలో ఆనించి తీస్తే, చెక్క మీద నల్లగా అంటిన చోట్లే ఎత్తు. ఆ మచ్చలనే గోటి మందాన ఉలితో తీయాలి, మళ్లీ మసి, మళ్లీ ఉలి. విసుగొస్తుంది, ఒక్కసారిగా లోతు తీయాలనిపిస్తుంది. ఆ పూటకు ఉలి పక్కన పెట్టేసి టీ తాగండి. గొట్టం వెనక ముఖం చెక్కకు నిండుగా ఆనాలి, పేలినప్పుడు వెనక్కి తన్నేది అదే. తోక చివర మాత్రం వెంట్రుకవాసి ఖాళీ వదలండి. లేకపోతే తోక మేకులా దిగి మెడను చీలుస్తుంది. మందు కడ్డీ (మందును గొట్టంలోకి దట్టించే కడ్డీ) దూరే దారికీ గొట్టం గాడికీ మధ్య 3 మిల్లీమీటర్ల చెక్క మిగలాలి. గొట్టాన్ని కట్టెకు పట్టి ఉంచే పిన్నుల కోసం గొట్టం అడుగున ఉండే చెవుల రంధ్రాలు గుండ్రంగా ఉంటే, వాటిని పొడవు దిశలో కాస్త సాగదీయమని మరమ్మతుదారును అడగండి. రుతువులను బట్టి చెక్క కదిలేందుకు చోటుండాలి.

బయటి ఆకారానికి రంపం, బాడిస, ముతక ఆకురాయి, ఆఖరికి గాజు పెంకుతో గీకుడు. మెడ దగ్గర ఉప్పుకాగితం అతిగా రుద్దితే లాక్ అంచుల చుట్టూ చెక్క గుండ్రబడి పని అంతా వెలితిగా కనిపిస్తుంది. చెక్క ముక్క మీద కాగితం చుట్టి రుద్దండి.

మెరుపుకు మరిగించిన అవిసె నూనె చాలు. చేత్తో రుద్ది, మిగులు తుడిచేసి, ఆరాక మళ్లీ. లక్క పాలిష్ మన తేమకు తెల్లబారుతుంది. గాడుల లోపల కూడా నూనె పట్టించండి. నల్ల తుపాకిమందు కాలిన మసి గాలిలోని తేమను పీలుస్తుంది, గొట్టం కడిగేదేమో నీళ్లతో. ఈ పని కార్తీకం తర్వాత పెట్టుకోండి, శ్రావణంలో నూనె ఆరక బూజు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాకే పారేయండి.