బాబును పోగొట్టుకున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయీ,

ప్రభువు నామంలో వందనాలు. "ఏ పాపానికి నాకీ శిక్ష, పెద్దమ్మా?" అని రాశావు. బాబు పోయాక మీ ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు వచ్చిన ఒకావిడ నీ ప్రార్థనలో లోపం వెతికిందని చదివాక రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఆ మాట నేనూ పడ్డాను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మీ అమ్మమ్మ, ఆరేళ్ల మా తమ్ముడు ఆ నీళ్లలోనే పోయారు. నేను తాటిచెట్టును కరచుకుని తెల్లవార్లూ ఉన్నాను. మీ అమ్మ బెజవాడలో చుట్టాలింట ఉండి బతికింది. దాన్ని దేవుడు కాపాడాడని అందరూ అన్నారు. మరి తమ్ముణ్ణి ఎందుకు కాపాడలేదని అడిగితే, మా ఇంటి పాపం పండిందని ఒక పెద్దమనిషి జవాబిచ్చాడు. ఆ జవాబును ఏళ్ల తరబడి మోశాను.

లూకా సువార్త పదమూడో అధ్యాయం నా బరువు దించింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని అడిగినదీ ప్రభువే, కాదన్నదీ ప్రభువే. ఇకమీదట ఎవరైనా అలా అంటే వాదించకు. లేచి లోపలికి వెళ్లిపో. మర్యాద తప్పినది నువ్వు కాదు.

బైబిల్లో బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చెడింది. చివరికి దేవుని కోపం వాళ్లమీద రగిలింది గాని, తాను పుట్టిన దినాన్నే శపించిన యోబుమీద కాదు. ఇంతా చేసి, ఎందుకిలా జరిగిందో దేవుడు యోబుకు కూడా చెప్పలేదు.

అందుకే స్తోత్రం నోటికి రాకపోతే బలవంతాన చెప్పకు. 88వ కీర్తన తీసి పైకి చదువు. అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. అయినా మన పెద్దలు దాన్ని లేఖనంలోనుంచి తీసేయలేదు. సిలువమీద ప్రభువు కూడా "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనే కేక వేశాడు. నా విశ్వాసం నిలిచింది ఆ కేకమీదే, తల్లీ. ఆ ప్రశ్న అడిగినవాడు నా ప్రశ్న విని విసుక్కోడు.

గుడికి మాత్రం మానకు. చివరి వరుసలో కూర్చో, పాట గొంతులో అడ్డుపడితే బయటికి వచ్చేయి. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమని ఎవరు అడిగినా ఇప్పుడే ఒప్పుకోవద్దు.

అర్థం దొరుకుతుందా అంటే, నాకు దొరికినంత చెబుతాను. చాలా ఏళ్ల తర్వాత మా వీధిలో ఒకామె కొడుకు వేటకు వెళ్లి సముద్రంలో పోయాడు. నేను వెళ్లి ఆమె గడపలో మూడు రోజులు కూర్చున్నాను. ఏమీ అనలేదు. ఏమనకూడదో నాకు తెలుసు కాబట్టి. దేవుడు మనకిచ్చిన ఆదరణతో ఇంకొకరిని ఆదరించగలమని పౌలు కొరింథీయులకు రాసినది ఆ గడపలో అర్థమైంది. అయితే అందుకోసమే తమ్ముణ్ణి తీసుకున్నాడని నేను ఎన్నటికీ అనను. ఆ పసివాడి ప్రాణం నా పాఠానికి వెల కాదు. నీ బాబు కూడా అంతే.

శనివారం ఉదయం బస్సుకు వస్తున్నాను. బాబు బట్టలు ఎవరికైనా ఇచ్చేయమని మీ అత్తగారు అంటున్నారని రాశావు కదా, నేను వచ్చేదాకా బీరువా తెరవనివ్వకు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తీసి చూద్దాం.

మీ పెద్దమ్మ