వాయుగుండం అవకాశం ‘తక్కువ’ అంటే వాన కూడా తక్కువేనా?

ప్రశ్న: బంగాళాఖాతంలో ఏదైనా మొదలైతే చాలు, వాతావరణ శాఖ బులెటిన్‌లో అవకాశం ‘తక్కువ’, ‘మధ్యస్థం’, ‘ఎక్కువ’ అని వేస్తారు. ‘తక్కువ’ అని ఉంటే కింది అంతస్తులో ఉన్న మేం నిశ్చింతగా ఉండొచ్చా? అది ఎటు వెళ్తోందో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: నిశ్చింతగా ఉండొద్దమ్మా. ఆ మాట వాన గురించి కాదు. వాయుగుండం, అంటే గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకునే స్థితి, ఏర్పడుతుందా లేదా అన్నదే ఆ అంచనా. 1 నుంచి 33 శాతం తక్కువ, 34 నుంచి 66 మధ్యస్థం, 67 నుంచి ఎక్కువ. గాలి 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను, పేరు పెట్టేదీ అప్పుడే. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచిన వానకు తుపాను పేరే లేదు.

బులెటిన్‌లో ఈ అవకాశాలు చూపే పట్టికలో ఏడు రోజులకు రోజుకో గడి ఉంటుంది. నిన్నటి పట్టికను పక్కన పెట్టుకుని చూడండి. ‘ఎక్కువ’ అన్న గడి రోజురోజుకూ ఇంకా తర్వాతి తేదీకి జరుగుతుంటే బలపడటానికి ఏదో అడ్డుపడుతోందన్నమాట. సముద్రం 26.5 డిగ్రీలకు మించి వెచ్చగా ఉన్నా, కింది గాలికీ పై గాలికీ వేగంలో, దిశలో తేడా పెరిగితే మేఘాలు సుడి కేంద్రం మీద నిలవవు. పొడిగాలి చొరబడినా అంతే. 2024లో ఫెంగల్ తీవ్ర వాయుగుండంగానే నానుతూ ఉండి, నవంబరు 29న తుపానై, మర్నాడే పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది.

కదలిక లెక్కకు ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి బులెటిన్‌లో కేంద్రం అక్షాంశం, రేఖాంశం, సమయం రాసుకోండి. సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. చెన్నై 13.1 ఉత్తరం, 80.3 తూర్పు. ఒక డిగ్రీ సుమారు 110 కిలోమీటర్లు. కదిలిన దూరాన్ని గంటలతో భాగిస్తే వేగం వస్తుంది. తీరం పక్కన ఆ వేగం పడిపోతే భయపడాలి, ఎందుకంటే వానపట్టీలు ఒకే చోట గంటల తరబడి కురుస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, అదీ 5న. చెన్నై మునిగింది 3, 4 తేదీల్లో.

అల్పపీడనం కూడా ఏర్పడకముందే వాట్సాప్‌లో తిరిగే తీరం దాటే బొమ్మలను పట్టించుకోకండి. కేంద్రం కుదిరేదాకా దారిని అంచనా వేసే ఏ కంప్యూటర్ మోడల్ గీత అయినా పూటకోలా మారుతుంది.

మీ వీధికి పనికొచ్చేది జిల్లా వాన హెచ్చరిక. అందులో ‘అతి భారీ’ అంటే 24 గంటల్లో సుమారు 12 నుంచి 20 సెంటీమీటర్లు. ఆ మాట కనబడిన రోజే బండి ఎత్తు మీదికి చేర్చండి, ఇన్వర్టర్ బ్యాటరీని పైకెత్తి పెట్టండి. తుపానుకు పేరు పెట్టేదాకా ఆగొద్దు.