బడికి దారి ఎంత? మ్యాపులో లెక్క తప్పకుండా ఉండాలంటే...
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ మీద ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో బడుల దూరం లెక్కకు సంబంధించినవే ఎక్కువ. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా మండలంలోని బడుల జాబితా ఎక్సెల్‌లో ఉంది. అక్షాంశాలు, రేఖాంశాలు కూడా నింపాం. క్యూజీఐఎస్‌లో తెరిస్తే కర్నూలు మీద ఒక్క చుక్కా కనబడట్లేదు. ఎందుకు?
– మండల విద్యాశాఖ కార్యాలయ ఉద్యోగి, కర్నూలు జిల్లా

లేయర్ (మ్యాపు మీద పరిచే ఒక్కో సమాచార పొర) పేరు మీద రైట్ క్లిక్ చేసి 'జూమ్ టు లేయర్' నొక్కండి. చుక్కలు ఎక్కడున్నాయో చూస్తే తప్పేమిటో తెలిసిపోతుంది. నార్వేకు ఉత్తరాన మంచు దీవుల్లో ఉంటే ఎక్స్, వై తారుమారయ్యాయి. కర్నూలు అక్షాంశం 15.83, రేఖాంశం 78.04. అటుదిటు చేస్తే సరిగ్గా స్వాల్‌బార్డ్ దీవులు తగులుతాయి. ఫైలును సీఎస్‌విగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, 'యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్' పెట్టెలో ఎక్స్ దగ్గర రేఖాంశం, వై దగ్గర అక్షాంశం ఎంచుకోండి. సీఆర్ఎస్ (మ్యాపు ఏ కొలతల పద్ధతిలో ఉందో చెప్పేది) గడిలో ఈపీఎస్‌జీ 4326, అంటే డిగ్రీల పద్ధతి కోడ్, ఉండాలి.

చుక్కలు జిల్లా దాకా వచ్చి పక్క మండలంలో పడుతుంటే డిగ్రీలు, నిమిషాలను అనుమానించండి. 15 డిగ్రీల 49 నిమిషాల 30 సెకన్లను 15.4930 అని రాసేస్తుంటారు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలిపితే వచ్చేది 15.825. ఈ ఒక్క పొరపాటుతో బడి దాదాపు 37 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. దశాంశ బిందువు తర్వాత ఐదంకెలు ఉంచండి, అప్పుడు తేడా ఒక మీటరుకు అటూఇటూ ఉంటుంది. మూడంకెల దగ్గర ఆపేస్తే వంద మీటర్లు తేడా రావచ్చు.

ఇంకొక్కటి చూడాలి. నాలుగైదు బడులకు ఒకే అక్షాంశం, ఒకే రేఖాంశం ఉన్నాయంటే వాటిని బడి దగ్గర కాకుండా ఆఫీసులో కూర్చుని నింపారని అర్థం. ఆ వరుసలను సరిదిద్దే పని పెట్టుకోకండి. ఫోను తీసుకెళ్లి, బడి ఆవరణలో ఆకాశం కనబడే చోట నిలబడి మళ్లీ తీసుకోవాల్సిందే.

ప్రశ్న: బడి చుట్టూ కిలోమీటరు వృత్తం కోసం బఫర్‌లో 1000 అని ఇస్తే తెరంతా రంగు నిండిపోయింది. 1 ఇస్తే బళ్లారి కూడా లోపలికి వచ్చేసింది.
– గ్రామ సచివాలయ ఉద్యోగి, అనంతపురం జిల్లా

మీ లేయర్ ఇంకా 4326లోనే ఉంది. అందులో కొలత డిగ్రీల్లో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, బళ్లారి అందులో పడటంలో వింత లేదు. లేయర్‌ను ముందు మీటర్లలోకి మార్చుకోవాలి.

మన జిల్లాల్లో ఇక్కడే ఒక చిక్కుంది. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి యూటీఎం. అందులో 43, 44 జోన్లను (పట్టీలను) విడదీసే 78 డిగ్రీల రేఖాంశం సరిగ్గా మన మధ్య నుంచే పోతుంది. అనంతపురం, ఆదోని, ఎమ్మిగనూరు దానికి పడమర, అంటే 43వ జోన్‌లో ఉన్నాయి. కర్నూలు నగరం, తాడిపత్రి గీత దాటి కొద్దిగా తూర్పున ఉన్నాయి. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల పూర్తిగా 44లోకి వస్తాయి. మీ జిల్లా మొత్తానికి 43, అంటే ఈపీఎస్‌జీ 32643 పెట్టుకోండి. తాడిపత్రి వైపు వచ్చే తేడా కిలోమీటరుకు ఒక మీటరు కూడా ఉండదు. ఒక మండలానికి 43, ఇంకో మండలానికి 44 అని కలగాపులగం చేస్తేనే తర్వాత తిప్పలు. కడప వాళ్లు 32644 వాడండి.

మార్చడానికి ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో 'రీప్రాజెక్ట్ లేయర్' వాడాలి. 'సెట్ లేయర్ సీఆర్ఎస్' వాడకూడదు. అది అంకెలను మార్చదు, పేరుచీటీ మాత్రం మారుస్తుంది. అప్పుడు మీ బడులన్నీ భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో కుప్పపడతాయి. ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసిన లేయర్లను 3857లో (వెబ్ మ్యాపులు వాడే కొలతల పద్ధతిలో) ఉంచి బఫర్ వేయడం కూడా తప్పే. కర్నూలు దగ్గర అందులో 1000 అని ఇస్తే నేలమీద వచ్చేది 962 మీటర్లే.

ప్రశ్న: మా కాలనీ బడికి కిలోమీటరు లోపే ఉందని మ్యాపు చూపించి, కొత్త బడి అక్కర్లేదంటున్నారు. మధ్యలో వంక ఉంది. పిల్లలు కల్వర్టు దాకా చుట్టూ తిరిగి వెళ్లాలి. దీన్ని మ్యాపులోనే రుజువు చేయడం ఎలా?
– పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు, కడప జిల్లా

చేయొచ్చు, చేసి తీరాలి కూడా. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడి కిలోమీటరు నడక దూరంలో, 6 నుంచి 8 తరగతుల బడి 3 కిలోమీటర్లలో ఉండాలి. ఆ నియమాల్లో ఉన్నది నడక దూరం అన్న మాట. బఫర్ వృత్తం కొలిచేది పక్షి ఎగిరే దూరాన్ని. వరద ముప్పు, దారి లేకపోవడం, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్న చోట ఈ హద్దును ఇంకా తగ్గించాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి.

ఇక పని. క్విక్ ఓఎస్ఎం ప్లగిన్ (ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి డేటా దించే అదనపు సాధనం) వేసుకుని, 'హైవే' అనే కీ ఇచ్చి మీ మండలం రోడ్లు దించుకోండి. తారు రోడ్లు బాగానే వస్తాయి. పొలాల డొంకలు, కాలిబాటలు చాలా ఊళ్లలో ఉండవు. ఉపగ్రహ చిత్రం మీద వాటిని మీరే గీయాలి. గీసేటప్పుడు స్నాపింగ్ (గీత కొసను పక్క గీతకు అతికించే సదుపాయం) ఆన్ చేసి, బాట రోడ్డును కలిసే చోట రోడ్డు గీతకు కూడా ఒక వెర్టెక్స్ (గీతలోని బిందువు) పెట్టండి. గీతలు కంటికి తగిలినట్టున్నా, వెర్టెక్స్ లేకపోతే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ దారి లేనట్టే. ఫలితాలు వింతగా వచ్చాయంటే నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే.

రోడ్ల లేయర్‌నూ, బడుల లేయర్‌నూ 32644లోకి మార్చి, టూల్‌బాక్స్‌లో 'సర్వీస్ ఏరియా, ఫ్రమ్ లేయర్' తెరవండి. పాత్ టైప్ 'షార్టెస్ట్', ట్రావెల్ కాస్ట్ 1000 (మీటర్లు). బడి నుంచి కిలోమీటరు నడిస్తే ఎంతవరకు పోగలరో ఆ రోడ్ల ముక్కలే గీతలుగా వస్తాయి. మీ కాలనీ గీతలు అందని చోట ఉంటే రుజువైనట్టే. కచ్చితమైన అంకె కావాలంటే 'షార్టెస్ట్ పాత్, లేయర్ టు పాయింట్' నడపండి. కాస్ట్ అనే కాలమ్‌లో మీటర్లు ఉంటాయి. కాలనీ నుంచి రోడ్డుకు ఉన్న ఎడం ఆ అంకెలో కలవదు, విడిగా కొలిచి కలపండి.

చుక్క ఎక్కడ పెట్టారన్నది చాలా ముఖ్యం. చాలా జాబితాల్లో ఊరికంతటికీ ఒకే చుక్క, అదీ ఊరి నడిమధ్య గుడి దగ్గరో చావడి దగ్గరో ఉంటుంది. ఊరి చివర విడిగా ఉండే ఎస్సీ కాలనీ ఆ లెక్కలో కనబడకుండా పోతుంది. ప్రతి కాలనీకి వేరే చుక్క పెట్టి, ఆ చుక్కను బడికి దూరంగా ఉన్న చివరి ఇంటి దగ్గర ఉంచండి. పక్కన కాలమ్‌లో తరగతుల వారీగా పిల్లల సంఖ్య రాయండి. పేర్లు, ఇంటి నంబర్లు మాత్రం మ్యాపులోకి ఎక్కించకండి.

వానాకాలం కోసం ఇంకోసారి నడపాలి. రోడ్ల లేయర్‌కు నకలు తీసి, వంక పారితే మునిగే కాజ్‌వే ముక్కను అందులో తొలగించి మళ్లీ లెక్కేయండి. ఎండాకాలంలో 900 మీటర్లున్న దారి వానల్లో రెండు కిలోమీటర్లు దాటవచ్చు, కొన్నిసార్లు దారే ఉండదు. రెండు మ్యాపులూ పక్కపక్కన ఒకే స్కేలులో ముద్రించి, మునిగిన కాజ్‌వే ఫొటో తేదీతో జతచేసి ఇవ్వండి. అన్నిటికంటే ముందు, ఒక పిల్లవాడితో బడి దాకా నడిచి ఫోనులో ఆ దారి రికార్డు చేయండి. దానికి క్యూఫీల్డ్ యాప్ ఉచితం, రికార్డు చేసిన దారిని నేరుగా మ్యాపు మీదికి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: ఊళ్ల పేర్లు తెలుగులో రావట్లేదు. కొన్ని ప్రశ్నార్థకాలుగా, కొన్ని పిచ్చి అక్షరాలుగా కనబడుతున్నాయి.
– డేటా ఎంట్రీ ఆపరేటర్, అనంతపురం

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ప్రశ్నార్థకాలు వస్తే ఎక్సెల్ నుంచి 'సీఎస్‌వి యూటీఎఫ్-8'గా మళ్లీ సేవ్ చేయండి. పిచ్చి అక్షరాలు వస్తే జాబితాను 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉండొచ్చు. అలాగైతే ముందు యూనికోడ్‌లోకి మార్పించాలి. తర్వాత మ్యాపును షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రకంలో దాచకండి, జియోప్యాకేజ్ రకం వాడండి. షేప్‌ఫైల్ కాలమ్ పేరుకు పది బైట్లే చోటిస్తుంది. ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి కాబట్టి 'గ్రామం' అన్న పేరు కూడా పూర్తిగా పట్టదు.

ప్రశ్న: మా దగ్గరున్న సరిహద్దుల ఫైలులో నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పారేయాలా?
– పంచాయతీ కార్యదర్శి, కర్నూలు జిల్లా

అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మారింది ఊరు ఏ జిల్లాది అన్న వివరం. గ్రామాల ఆకారాలు కాదు. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (గ్రామాలు, స్థానిక సంస్థల కోడ్‌లు ఉండే కేంద్ర ప్రభుత్వ జాబితా) నుంచి కొత్త జాబితా దించుకుని, గ్రామం కోడ్ ఆధారంగా మీ ఫైలుతో జాయిన్ చేస్తే (కలిపితే) జిల్లా కాలమ్ సరిపోతుంది. ఊరి పేరుతో జాయిన్ చేయకండి. కొత్తపల్లి అని ఎన్ని ఊళ్లున్నాయో మీకు చెప్పనక్కర్లేదు. రెవెన్యూ గ్రామం హద్దు, పంచాయతీ హద్దు ఒకటే కావాలనేమీ లేదు. తేడా ఉన్న చోట సర్వేయర్‌తో కూర్చుని పంచాయతీ గీతను వేరే లేయర్‌గా గీసుకోండి.