వయసులో పెద్దవాళ్లైన పనివాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడం ఎలా నేర్చుకోవాలి?

కంపెనీలో కొత్తగా ట్రైనర్‌గా వేశారని, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా మీకంటే పెద్దవాళ్లని, దీనికేదైనా కోర్సు చెయ్యాలా అని అడిగారు. కోర్సు సంగతి చివర్లో చెప్తాను. ముందు నేనెలా బోల్తాపడ్డానో వినండి.

నేను పనిచేసేది వైజాగ్ గాజువాక ఆటోనగర్‌లో, ఇనుప ప్లేట్లు కోసి వెల్డింగ్ చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో. డిప్లొమా అయ్యాక మూడేళ్లు క్వాలిటీలో చేశాను. "నువ్వు బాగా మాట్లాడతావు కదా" అని వెల్డర్ల ట్రైనింగ్ నా నెత్తిన పెట్టారు. బాగా మాట్లాడటమే నా జబ్బని అప్పటికి తెలీదు. మొదటి రోజు భోజనాలయ్యాక, ఏసీ గదిలో, 64 స్లైడ్లు. పద్దెనిమిది మంది వచ్చారు, అందులో సగం మంది రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లు. ఇరవయ్యో స్లైడ్‌కే ముందు వరుస కునికిపాట్లు. ఆఖర్న "డౌట్లేమైనా ఉన్నాయా?" అన్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "బాబూ, నువ్వెప్పుడైనా రాడ్డు పట్టినావేటి?" అన్నారు. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. కాలేజీ ల్యాబ్‌లో పట్టిన నాలుగు రాడ్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆరోజు పాఠం 7018 అనే రకం వెల్డింగ్ రాడ్ల గురించి. దాని పూత గాలిలో తేమను పీల్చేస్తుంది. అందుకే మదర్ ఓవెన్ అనే పెద్ద ఓవెన్‌లో మూడొందల డిగ్రీల పైన బాగా కాల్చి, తర్వాత వెల్డర్ పక్కనే పోర్టబుల్ ఓవెన్‌లో వేడిగా ఉంచి, ఒక్కొక్కటే తీసి వాడాలి. మన వైజాగ్ ఉక్కపోత, సముద్రపు గాలి సంగతి తెలిసిందే. ఆ తేమలోంచి వచ్చే హైడ్రోజన్ వెల్డ్‌లోకి దూరితే, అంతా చల్లారాక ఎప్పుడో గంటలకో రోజులకో పగులు రావచ్చు. ఇదంతా నేను చక్కగా చెప్పాను, వాళ్లు చక్కగా తలూపారు.

వారం తర్వాత షాపులోకి వెళ్తే పోర్టబుల్ ఓవెన్లు మూతలు తెరిచి ఉన్నాయి, రాడ్లు చల్లగా ఉన్నాయి. "వీళ్లకెంత చెప్పినా ఇంతే" అనుకున్నాను. మీకూ ఏదో ఒకరోజు ఈ మాట నోటిదాకా వస్తుంది. వచ్చినరోజున కాస్త ఆగి చుట్టూ చూడండి. నేను చూడలేదు, పెద్దాయనే చూపించారు. వాళ్లు పనిచేసే ఆ బేలో ఉన్నది ఒకే ప్లగ్ పాయింట్. ఓవెన్ పెడితే గ్రైండర్ ఆగుతుంది, గ్రైండర్ ఆగితే జాబ్ ఆగుతుంది, జాబ్ ఆగితే సూపర్‌వైజర్ అరుస్తాడు. "ఇప్పుడు సెప్పు బాబూ, ఏది పీకమంటావు?" రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు వేయించగానే సగం గొడవ తీరిపోయింది. నా 64 స్లైడ్ల వల్ల తీరింది గుండుసున్నా. అందుకే ఇప్పుడు మేనేజర్ ఎవరైనా "వీళ్లకి ట్రైనింగ్ ఇవ్వవయ్యా" అంటే, ముందు ఆ పని జరిగే చోట ఒక షిఫ్ట్ నిలబడి చూస్తాను. చాలాసార్లు అవసరమైంది ట్రైనింగే కాదని తేలుతుంది.

మిగతా సగం అసలు కష్టం. పాతికేళ్లుగా చల్లటి రాడ్డుతో కొట్టినా ఏదీ కూలిపోలేదు కదా అన్నది వాళ్ల అనుభవం. దాని ముందు నా స్లైడ్ ఏ మూలకి? పెద్దల చదువు గురించి పేరున్న మాల్కం నోల్స్ (1913–1997) అనే అమెరికన్, పెద్దవాడు తన అనుభవాన్ని మూటగట్టుకునే క్లాసుకి వస్తాడనీ, దాన్ని పక్కన పెట్టి నేర్పబోతే తననే పక్కన పెట్టినట్టు అనుకుంటాడనీ అన్నాడు. ఇది చదివినప్పుడు కాదు, దెబ్బ తిన్నాకే నాకు ఎక్కింది.

ఒకరోజు పొద్దున్న షిఫ్ట్ మొదలయ్యే ముందు పావుగంట అడిగి తీసుకున్నాను. ముందురోజు కొన్ని రాడ్లు తడి గోనెసంచిలో చుట్టి ఉంచాను. ఒక ప్లేటు మీద ఇంకోటి నిలువుగా నిలబెట్టి రెండు టీ జాయింట్లు పెట్టించి, ఒకవైపే మూలలో వెల్డ్ (ఫిల్లెట్) కొట్టించాను. ఒకటి ఓవెన్ రాడ్డుతో, రెండోది గోనెసంచి రాడ్డుతో. కొట్టింది వాళ్లే, నేను రాడ్డు ముట్టుకోలేదు. తర్వాత సమ్మెట అందుకుని రెండింటినీ విరగ్గొట్టారు. ఒకదాని విరుపు బూడిదరంగులో నున్నగా, సమంగా ఉంది. రెండోది పురుగు తిన్న వంకాయే. లోపలంతా సన్నసన్నని సొరంగాలు. ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రంధ్రాలు తడిమి, తన టూల్‌బాక్సులో పెట్టేసుకున్నారు. నిజానికి ఆ రంధ్రాలు వేరు, హైడ్రోజన్ పగులు వేరు. పగులైతే ఇలా కంటికి కనపడదు. ఆ మాటా దాచకుండా చెప్పాను. కానీ రంధ్రాలు చూశాక కనపడని పగులు గురించి కూడా విన్నారు.

ఇంకో సంగతి. బాగా పని వచ్చినవాడు బాగా నేర్పగలడని మనం అనుకుంటాం. పెద్దాయనను కొత్త కుర్రాళ్లకు చూపించమంటే, "అలా పోతాది, సూసుకో" అనేవారు. ఆయన చెయ్యికి తెలిసింది నోటికి తెలీదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని రానివాళ్లు వేలమంది వచ్చి పడ్డప్పుడు, ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక పద్ధతి పెట్టారు. తర్వాత అది జపాన్ వెళ్లి టయోటాలోనూ పాతుకుంది. దాంట్లో నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, వాడిచేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూండు. నాకు మాత్రం అంతకన్నా పనికొచ్చింది, చూపించేముందు చెయ్యాల్సిన కసరత్తు: పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో కిటుకు ఏమిటో, ఎందుకో కాగితం మీద పెట్టడం. దానికి వెల్డింగ్ నల్లద్దం అడ్డుపెట్టి పెద్దాయన చేతిని ఫోన్‌లో వీడియో తీశాను. టీ టైమ్‌లో ఇద్దరం కూర్చుని చూశాం. రాడ్డు ఆపేముందు ఆయన మణికట్టు చిన్నగా వెనక్కి తిరిగి, గుంట నింపి, అప్పుడు లేస్తోంది. "నేనిలా సేత్తన్నానా!" అని ఆయనే ఆశ్చర్యపోయారు. కుర్రాళ్ల వెల్డ్ చివర్లో గుంట మిగలడానికి కారణం అదే. ఆ ఒక్క ముక్క చెప్పడం మొదలెట్టాక తేడా కనిపించింది.

నేను చేసిన తప్పుల్లో ఇప్పటికీ సిగ్గుపడేది పరీక్ష పేపరు. ఒకాయన రెండుసార్లూ "కళ్లజోడు మర్సిపోనాను" అన్నారు. మూడోసారి ఆయన జేబులో కళ్లజోడు కనిపించింది. ఆయనకి చదువు రాదు. అందరి ముందూ కాగితం చేతికిచ్చి కూర్చోబెట్టాను. అప్పట్నుంచి నా పరీక్షంతా ప్లేటు మీదే. ఒడిశా నుంచి వచ్చినవాళ్లకూ అదే మేలైంది.

ఫీడ్‌బ్యాక్ ఫారాలను నమ్మకండి. మా దగ్గర అందరూ ఐదుకి ఐదు వేసేవారు, తొందరగా టీకి పోవచ్చని. ట్రైనింగ్ ఫలించిందో లేదో ఎలా కొలవాలో రాసిన అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చూడాల్సినవి నాలుగని చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, పనికి లాభం కలిగిందా. మన కంపెనీలు మొదటి మెట్టు మీదే టీ తాగి దిగిపోతాయి. నేను పది రోజులాగి, ఎవరికీ చెప్పకుండా అటుగా వెళ్తూ ఓవెన్ మూత మీద చెయ్యి పెడతాను. వెచ్చగా ఉందా, లేదా. అదే నా ఆడిట్.

మీ సొంత నైపుణ్యం మాటకొస్తే, ఫోన్ జేబులో పెట్టుకుని మీ సెషన్ రికార్డు చేసి, ఇంటికెళ్లి వినండి. ఎంత బాధగా ఉన్నా వినండి. నేను గంటలో 41 సార్లు "అర్థమైందా?" అన్నాను. దానికి "కాలేదు" అనే పెద్దమనిషి ఎవడుంటాడు? ఇప్పుడు ఆ మాట మానేసి, "మీ జాబ్‌లో ఇది ఎక్కడ కుదరదు?" అని అడుగుతున్నాను. దీనికి జవాబులు వస్తాయి, కొన్నిసార్లు తిట్లూ వస్తాయి. రెండూ పనికొచ్చేవే.

ఇక కోర్సు. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావాలనుంటే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ అని కేంద్ర ప్రభుత్వానిది ఉంది, ఏడాది పాటు. ఆ దారి పట్టేట్టయితే చెయ్యండి, విలువైనదే. కంపెనీలో వారానికి రెండు సెషన్లు తీసుకోవడానికైతే ఇప్పుడే అక్కర్లేదు. ముందు మీ దగ్గర పాతికేళ్ల సర్వీసున్న మనిషి ఒకరిని పట్టుకుని, ఆయన పని పక్కన ఒక రోజు నిలబడండి. రాడ్డు పట్టమంటే పట్టండి, వంకరగా పోయినా పర్లేదు. నా మొదటి వెల్డ్ చూసి పెద్దాయన రెండు నిమిషాలు నవ్వారు. తర్వాతి సెషన్‌కి ఆయన వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.