లుక్ అంటే చూడటం ఒక్కటే కాదు

హనుమకొండ

తమ్ముడూ,

నీ అనువాద కథ ఆగి ఆగి చదివాను. కథ ఎంపిక బాగుంది, వాక్యం ఊపుగా నడిచింది. ఒక్క విషయం మాత్రం నన్ను వదలడం లేదు. ఇంగ్లీషులో లుక్ కనిపించిన ప్రతిచోటా నువ్వు చూడటమే పెట్టేశావు.

‘ఆమె అలసిపోయినట్టు చూసింది’ అన్నావు. మూలంలో ఆమె ఎవరినీ చూడటం లేదు. ఎదుటివాళ్లకు ఆమె అలసిపోయినట్టు కనిపిస్తోంది. యజమాని ‘లుక్ షార్ప్’ అని కేకేస్తే ‘పదునుగా చూడు’ అని రాశావు. అది పనివాణ్ని తొందరపెట్టే మాట. ‘ఊఁ, త్వరగా కానివ్వు’ అంటే సరిపోయేది. లుక్ పక్కన చేరే చిన్న మాటలే అర్థాన్ని నడుపుతాయి. ఆఫ్టర్ చేరితే ఆలనాపాలనా, ఫర్ చేరితే వెతుకులాట, ఇంటూ చేరితే విచారణ, డౌన్ ఆన్ చేరితే చిన్నచూపు. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోకు, దాని కింద ఉన్నదంతా చదువు.

మన క్రియ మాత్రం తక్కువ తిన్నదా? వైద్యుడు నాడి చూస్తాడు, అమ్మ పులుసులో ఉప్పు చూస్తుంది. అక్కడ కళ్లతో పనే లేదు.

మిర్చి సీజన్‌లో ఒక ఉదయం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లు. కొనేవాడు సరుకు ఎలా చూస్తాడో దగ్గరగా నిలబడి గమనించు. బస్తాలోకి చెయ్యి దించి అడుగున ఉన్న కాయలు పైకి తీస్తాడు. గుప్పిట్లో నొక్కి తేమ పసిగడతాడు. ఒక కాయ తుంచి గింజ చూస్తాడు, రంగు పోయిన తాలు కాయలు ఎన్ని కలిశాయో అంచనా కడతాడు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిర్చి అయితే ఘాటు తక్కువ, రంగే దానికి ప్రాణం. కాబట్టి ఆ ఎరుపు మీదే అతని కన్ను నిలుస్తుంది. పక్కనే ఉన్న రైతు మిర్చిని చూడడు, కొనేవాడి ముఖం చూస్తాడు. ఇద్దరికీ నువ్వు ‘చూశాడు’ అనే రాయవచ్చు, వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ ఒకరి చూపు వేళ్లలో ఉంది, రెండోవారి చూపులో ఏడాది కష్టం, తీర్చాల్సిన అప్పు ఉన్నాయి. అది పాఠకుడికి అందకపోతే ఆ వాక్యం ఎందుకు రాసినట్టు? అనువాదమైనా సొంత కథయినా నేను నిన్ను అడిగేది ఇదే. ఎవరు చూస్తున్నారు, ఏం కావాలని చూస్తున్నారు అన్నది తేలాకే క్రియ వెయ్యి.

నీ కథలో ముసలావిడ కొడుకు గది తలుపు వైపు చూసే చోటు ఉంది కదా. అక్కడ ఏ మాట వాడాలో నేను చెప్పను. ఆమె కొడుకు కోసం ఎదురుచూస్తోందా, వాడు లోపల ఉన్నాడేమోనని అనుమానిస్తోందా, అలవాటుగా కళ్లు అటు తిప్పిందా? మూలం మళ్లీ చదివి తేల్చుకో. ముందు ఆ పేజీ పంపు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్న